నీలం గీతలు

ఆదివారం కావడంతో వీధి ఇంకా నిద్ర లేవలేదు. తల్లి మాత్రం ఎప్పటి వేళకే కొడుకు గదిలోకి వచ్చి, కిటికీ తెర పక్కకు లాగి, మంచం పక్కనున్న గాలి యంత్రాన్ని ఆపింది. రాత్రంతా అతని ముఖాన్ని పట్టుకుని ఉన్న మాస్కును వదులు చేసి తీసి, ముక్కు దూలం మీద పడిన ఎర్రటి ఒరిపిడి మచ్చకు వేలికొసతో మందు రాసింది. ఆ పని ఆమె చేతికి ఎంత అలవాటైపోయిందంటే, పాలు పొంగకుండా పొయ్యి తగ్గించడానికీ దీనికీ ఆమె మనసులో పెద్ద తేడా లేదు.

"రాత్రి ఎన్నిసార్లు లేచావమ్మా?" అని అడిగాడు కొడుకు. నిద్ర లేవగానే అతని గొంతు కాసేపు పీలగా ఉంటుంది.

"నేనెక్కడ లేచాను? హాయిగా పడుకున్నాను."

"యంత్రం రెండుసార్లు కూసింది. రెండుసార్లూ కూత పూర్తికాకముందే ఆగింది. దయ్యాలు ఆపాయంటావా?"

"ఆ, దయ్యాలే. పాపం వాటికి కాఫీ పెట్టాలి, లే."

లే అనడం ఆ ఇంట్లో మాటవరసకు. అతను లేవడు, లేపాలి. కండరాలు ఒక్కొక్కటిగా పని మానుకునే జబ్బు అది, పుట్టుకతో వచ్చింది. తొమ్మిదో ఏట నడక ఆగింది. పదిహేనో ఏట ఊపిరికి రాత్రిళ్ళు యంత్రం తోడు కావలసి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ వాడికి ఇప్పుడు చేతివేళ్ళూ ముఖమూ నాలుకా మాత్రమే పూర్తిగా స్వాధీనంలో ఉన్నాయి. అందులో నాలుక ముగ్గురి పని చేస్తుందని అక్క అంటూ ఉండేది.

తండ్రి లిఫ్టుల మెకానిక్. పాత లిఫ్టు నుంచి విప్పిన కప్పీలనూ తీగతాడునూ ఇంటి దూలానికి బిగించి, భార్య ఒక్క చేత్తో తాడు లాగితే కొడుకు మంచం మీది నుంచి లేచి చక్రాల కుర్చీలోకి దిగేలా ఏర్పాటు చేశాడు. "మా ఇంటికి మేడ లేదు గానీ లిఫ్టు ఉంది" అని తోటి పనివాళ్ళతో చెప్పుకునేవాడు. కొడుకు గాల్లో ఉన్నంతసేపూ "ఏ అంతస్తమ్మా?" అని అడగడం, "వంటగది" అని తల్లి బదులివ్వడం రోజూ జరిగేదే. ఆ రోజూ జరిగింది.

ముందు గదిలో కూతురు బల్ల జరుపుతోంది. విశ్వవిద్యాలయం నుంచి అడిగి తెచ్చిన ప్రొజెక్టరును బల్ల మీద పెట్టి, దాని వెలుగు తెల్లగోడ మీద తిన్నగా పడేలా కింద పుస్తకాలు పేర్చింది. ఆమె చదువుతున్నది బయోమెడికల్ ఇన్ఫర్మాటిక్స్, చివరి సంవత్సరం. ఆసుపత్రుల్లో పేరుకున్న వేలమంది వివరాలను కంప్యూటరులో జల్లెడపట్టి, ఏ జబ్బు ఎవరిలో ఎలా నడుస్తుందో తేల్చే చదువు. తండ్రి మాత్రం "మా అమ్మాయి కంప్యూటర్లకు వైద్యం చేస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఆమె పరిశోధన తమ్ముడి జబ్బు మీదే. వాడి కోసమే ఆ చదువులో చేరింది. వచ్చే వారం పరీక్షకుల ఎదుట దాన్ని వివరించాలి. చిన్నప్పటినుంచీ ఆమె ఇంట్లో ఒకసారి అప్పజెప్పనిదే ఏ పరీక్షకూ వెళ్ళలేదు. అమ్మానాన్నలు శ్రోతలు, తమ్ముడు పరీక్షకుడు. ఈసారి ఆమె రెండు నెలలుగా ఏదో ఒక వంకతో తప్పించుకుంటూ వచ్చింది. చివరికి తల్లే పట్టుబట్టింది. "ఇంత చదువు చదివి మాకు వినిపించకుండా పోతావా? మాకర్థం కాకపోతే నీకే నష్టం."

కూతురు ముందురోజే జాగ్రత్తపడింది. మరణం అన్న మాట ఉన్న పట్టికనూ, ఏ వయసుకు ఎంతమంది మిగిలారో చూపుతూ కిందికి దిగిపోయే వక్రరేఖనూ ఇంటి కోసం తీసేసింది. ఒక్క బొమ్మను మాత్రం ఉంచింది. అందులో మాటలేవీ లేవు, రంగురంగుల గీతలు మాత్రమే ఉన్నాయి. పేర్లు, పుట్టిన తేదీలు, ఊళ్ళు అన్నీ తీసేసిన బొమ్మ అది. పరాయివాడెవడూ దాన్ని చూసి ఇది ఫలానా మనిషి అని చెప్పగలగకూడదన్నది వాళ్ళ శాఖలో నియమం. ఆ నియమాన్ని ఆమె అక్షరం తప్పకుండా పాటించింది. రంగులు సరిపోయాయా, దూరం నుంచి అంకెలు కనబడతాయా అని ఆ బొమ్మను ఎన్నిసార్లు సరిదిద్దిందంటే, అందులో మనుషులున్నారన్న సంగతి ఆమెకే ఎక్కడో అడుగున పడిపోయింది. పరాయివాళ్ళ గురించి ఆలోచించినంతగా ఇంటివాళ్ళ గురించి ఆలోచించలేదు.

"మొదలుపెట్టండి, అభ్యర్థిగారూ" అన్నాడు తమ్ముడు, కుర్చీని గోడకు ఎదురుగా నిలిపించుకుని.

తండ్రి తలుపు దగ్గర ముక్కాలిపీట వేసుకున్నాడు. తల్లి కూరగాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. కూతురు కాసేపు తడబడి, తర్వాత గాడిలో పడింది. జన్యువంటే ఏమిటో, వివరాలు ఎక్కడినుంచి తెచ్చిందో, తప్పుల్ని ఎలా ఏరిందో చెప్పింది. తల్లికి సగం అర్థం కాలేదు గానీ కూతురి గొంతు విని తృప్తిగా వంకాయ తరుగుతోంది. అప్పుడు గోడ మీద గీతల బొమ్మ వెలిగింది.

"ఒక్కో గీత ఒక్కో మనిషి. ఎడమ నుంచి కుడికి వయసు. చతురస్రం దగ్గర నడక ఆగింది. త్రికోణం దగ్గర రాత్రిపూట గాలి యంత్రం మొదలైంది. జన్యువులో లోపం ఎలాంటిదో రంగు చెబుతుంది."

"దారాలు ఆరేసినట్టు బాగుందే" అంది తల్లి.

"నీలం రంగువాళ్ళను కాస్త పెద్దగా చూపించండి" అన్నాడు తమ్ముడు.

"ఎందుకు?"

"పరీక్షకుడి ఇష్టం."

ఆమె నీలం గీతలను పెద్దవి చేసింది. చేసిన మరుక్షణం ఆమె వేలు మీట మీదే ఆగిపోయింది.

"కొన్ని గీతల చివర బాణం ఉంది, కొన్నింటికి లేదు. తేడా ఏమిటి?"

"బాణం ఉంటే... ఇంకా పరిశీలనలో ఉన్నట్టు."

"లేకపోతే?"

"పరిశీలన ముగిసినట్టు."

"ఎందుకు ముగిసింది? ఇల్లు మారారా?"

ఆమె నీళ్ళు నమిలింది.

"నీలం రంగులో ఒక్క బాణమే ఉంది" అన్నాడు తమ్ముడు, అదే పరీక్షకుడి గొంతుతో. "చతురస్రం తొమ్మిది మీద. త్రికోణం పదిహేను మీద. బాణం ఇరవై నాలుగు దగ్గర. అభ్యర్థిగారు ఆయన్ని ఎరుగుదురా?"

తండ్రి పీట మీది నుంచి లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా, గోడలోంచి ప్లగ్గు లాగేశాడు. బొమ్మ ఆరిపోయింది.

"అదేంటండీ, బాగానే చెబుతోందిగా. ఎవర్రా ఆయన?" అంది తల్లి, కొడుకు వైపు తిరిగి.

"నేనేనమ్మా."

"నీ బొమ్మ పెట్టిందా?" తల్లి ముఖం వెలిగింది. ఖాళీ గోడకేసి చూసి నవ్వింది. ఆ నవ్వు ఆమె ముఖం మీద ఉండగానే చేతిలోని కత్తి ఆగింది. "మరి మిగతా నీలంవాళ్ళు ఎక్కడున్నారే?"

కూతురు తల వంచుకుంది. తండ్రి చేతిలో తీగ అలాగే ఉంది. ఎవరూ పలకకపోవడాన్ని తల్లి ఒకరి ముఖం తర్వాత మరొకరి ముఖంలో చదువుకుంది. చివరికి కొడుకు కేసి చూసింది. అతను ఆమెకేసి చూడలేదు. పళ్ళెం పక్కన పెట్టి, లేచి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

కూతురు వెనకే వెళ్ళింది. తల్లి పొయ్యి వెలిగించలేదు. కొళాయి మాత్రం తిప్పి వదిలేసింది, నీళ్ళు తొట్టిలోకి ఊరకే పోతున్నాయి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"పోయిన చలికాలం నుంచి."

"ఏడాది" అంది తల్లి. "ఏడాది పాటు నా చేతి అన్నం తిని, వాడి పక్కన కూచుని, నిమ్మకు నీరెత్తినట్టు తిరిగావు."

"చెబితే ఏం చేసేదానివమ్మా?"

"ఏడ్చేదాన్ని. నాకు ఆ పాటి హక్కు లేదా? పోయిన నెలలో నడుం పట్టేసి, ఇక్కడే, ఈ గట్టు పట్టుకుని నిలబడి ఏమన్నాను నీతో? వీడికి ముప్పై దాటేసరికి నా నడుం వంగిపోతుంది, అప్పుడు వీణ్ణి ఎవరు లేపుతారే అన్నాను. నువ్వేమన్నావు?"

కూతురు కొళాయి కట్టబోతే తల్లి ఆ చెయ్యి తోసేసింది.

"చెప్పవే, ఏమన్నావు?"

"నేను లేపుతాలే అన్నాను."

"ముప్పై రాదని తెలిసీ అన్నావు. నా భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నావు." తల్లి గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే కూతురికి సులువుగా ఉండేది. "నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించావు."

"దాన్ని అనకు" అన్నాడు తండ్రి గుమ్మంలోంచి. "నాకూ తెలుసు. యంత్రం ఇచ్చిన రోజున పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఇరవై దాటితే గొప్ప అన్నాడు. ఇరవై దాటింది కదా, ఇంకెందుకు చెప్పడం అనుకున్నాను."

తల్లి చాలాసేపు భర్తను చూసింది. తర్వాత కొళాయి కట్టేసింది.

"అయితే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అన్నమాట పరాయిదాన్ని" అంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరి అన్నం వాళ్ళు తిన్నారు. తల్లి కొడుక్కి మాత్రం ఎప్పటిలాగే తినిపించింది, ఒక్క మాట లేకుండా. ఆమె వెళ్ళాక అక్క గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఒకటడుగుతాను, సూటిగా చెప్పు" అన్నాడు తమ్ముడు. "నా వివరాలు పరిశోధనకు వాడుకోవడానికి మీ ఆసుపత్రివాళ్ళకు నేను ఒప్పుకోలు ఇచ్చినప్పుడు, ఎప్పుడైనా సరే, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చని అన్నారు. నిజమేనా?"

"నిజమే."

"అయితే నన్ను తీసెయ్."

ఆమె తల ఊపింది.

"తీసేస్తే నీకేమవుతుంది?"

"నీలంవాళ్ళు అసలే కొద్దిమంది. నువ్వు లేకపోతే ఆ అధ్యాయం నిలబడదు. మళ్ళీ రాసుకోవాలి. ఈ ఏడు పట్టా రాదేమో."

"బెదిరిస్తున్నావా?"

"అడిగావు కాబట్టి చెప్పాను."

కాసేపు అతను కిటికీలోంచి ఎదురింటి గోడను చూశాడు. "పోతానని నాకు తెలియదనుకున్నావా? ఆసుపత్రి వరండాలో నాతోపాటు కుర్చీల్లో వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేస్తుంటే ఆ మాత్రం లెక్క నాకు రాదా? నా కోపం దానికి కాదు."

"మరి?"

"పోయిన చలికాలం నుంచి నువ్వు నాతో పోట్లాడటం మానేశావు." అతను ఊపిరి కోసం ఆగాడు. "చదరంగంలో ఓడిపోతే బల్ల తన్నేదానివి. పావులు మంచం కిందికి దొర్లేవి. నా నోరు మునిసిపాలిటీ కొళాయి అనేదానివి, పగలంతా ఆగదని. ఏడాదిగా ఏమన్నా నవ్వుతున్నావు. రాణిని అప్పనంగా వదిలేస్తున్నావు. అక్కకు బుద్ధొచ్చింది కాబోలు, పెద్దదైంది కాబోలు అనుకుని మురిసిపోయాను. కాదు. నువ్వు ఆ గీత చూసి వచ్చి నా పక్కన కూచుంటున్నావు. పరామర్శకు వచ్చినట్టు వస్తున్నావు. నేనింకా ఉన్నాను కదా అక్కా."

తన ముఖం గోడవైపు తిప్పమన్నాడు. ఆమె తిప్పింది. ఆ గదిలో ఆ క్షణాన అతను తన అక్క నుంచి తప్పుకోగలిగిన దూరం అంతే. అదీ ఆమె చేతులతోనే జరగాలి.

సోమవారం ఉదయం ఆమె తన గైడు గదికి వెళ్ళింది. ఆయన వైద్యం చదివి, చాలాకాలం రోగుల్ని చూసి, తర్వాత కంప్యూటర్ల వైపు మళ్ళిన పెద్దాయన. మాట మెత్తన, పట్టు గట్టి. ఆమె తమ్ముడు ఈ జాబితాలో ఉన్నాడని ఆయనకు మొదటినుంచీ తెలుసు. చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తప్పుకోవడం అతని హక్కమ్మా. కాదనను. కానీ ఒక్క నెల ఆగి తప్పుకోమను. నువ్వు సమర్పించేశాక ఎప్పుడు తప్పుకున్నా ఎవరికీ నష్టం లేదు."

"ఈ రోజే తీసేయమన్నాడు సార్."

"రెండేళ్ళ పని. మంచి పని. నేను ఊరికే మెచ్చుకోనని నీకు తెలుసు. సొంత తమ్ముడే కదా, నువ్వు చెబితే వింటాడు."

"వింటాడు సార్. అందుకే చెప్పను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, కావలసిన చోట సంతకం చేశాడు.

ప్రయోగశాలలో తన కుర్చీలో కూర్చుని ఆమె తమ్ముడి వివరాలున్న వరుసను తీసేసింది. ఆ పనికి ఒక్క మీట చాలు. తర్వాత నీలం గీతల బొమ్మను మళ్ళీ గీయమని కంప్యూటరుకు చెప్పింది. గీతల మధ్య ఒక ఖాళీ ఉంటుందని ఎందుకో అనుకుంది. లేదు. కింది గీతలు పైకి జరిగి సర్దుకున్నాయి. వయసు సూచించే అంకెలు కూడా తమంతట తామే కుదించుకుని, ఉన్నవాళ్ళలో పొడవైన గీత ఎక్కడ ముగిసిందో అక్కడే ఆగాయి. అక్కడ ఎవరో ఉండేవారన్న ఆనవాలు బొమ్మలో ఎక్కడా లేదు. పక్క బల్ల దగ్గరి సహాధ్యాయి కాఫీకి పిలిస్తే, కంట్లో ఏదో పడిందని చెప్పి చాలాసేపు అక్కడే కూర్చుంది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి తండ్రి పనిబట్టలతోనే కుర్చీ చక్రానికి నూనె వేస్తున్నాడు. నిన్నటినుంచీ భార్య అతనితో మాట్లాడలేదు. మంచినీళ్ళు అడిగితే గ్లాసు శబ్దం వచ్చేలా పెడుతోంది. కూతురు సంచి దించకుండానే, మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

"తీసేశాను."

"చూపించు."

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి అతని ఎదుట బల్ల మీద పెట్టింది. అతను చూస్తుండగా, కొడుక్కి పాలు తెచ్చిన తల్లి వెనక ఆగింది. తనకు చూపించమని అడగలేదు, చూడకుండానూ ఉండలేకపోయింది.

"వాడేడీ?" అంది. నిన్నటి తర్వాత కూతురితో ఆమె అన్న మొదటి మాట అది.

"తీసేశానమ్మా. వద్దన్నాడు."

"ఇవన్నీ ఇంత పొట్టిగా ఉన్నాయేంటి?"

దాచడం తనకు ఎలాగూ చేతకాదని కూతురికి నిన్ననే తేలిపోయింది. "వీళ్ళు ఇక్కడే ఆగిపోయారమ్మా. పద్దెనిమిది, పందొమ్మిది. అందరికంటే పొడుగుది ఇదిగో, ఇరవై దాటలేదు."

"మరి వాడిది ఎక్కడిదాకా ఉండేది?"

కూతురి వేలు తెర చివరికి వెళ్ళింది. తెర అయిపోయింది. వేలు అంచు దాటి, బల్ల చెక్క మీదికి జరిగి, పాలగ్లాసు దగ్గర ఆగింది. "ఇక్కడిదాకా."

తల్లి తెర అంచుకూ గ్లాసుకూ మధ్యనున్న ఆ చెక్కను చూసింది.

"అంత ఎందుకు ఎక్కువొచ్చింది?"

"మిగతావాళ్ళ త్రికోణాలు చూడు, అన్నీ గీత చివర్లో ఉన్నాయి. ఊపిరి పూర్తిగా చేతులెత్తేశాక యంత్రం పెట్టారు వాళ్ళకు. వీడికి చాలా ముందే పెట్టారు. ఎందుకు పెట్టారో నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

తల్లికి తెలుసు. ఇప్పుడే అవసరం లేదన్నారు డాక్టర్లు. వీడు నిద్రలో ఊపిరి మరిచిపోతున్నాడు, నేను పక్కలో పడుకుని విన్నాను అంది ఆమె. పరీక్షల్లో అలా లేదన్నారు. ఆమె కదల్లేదు. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుంది, లేవమంటే లేవలేదు, ఇంటికి పొమ్మంటే పోలేదు. నీ పోరు పడలేకపోతున్నానమ్మా అని చివరికి ఆయన యంత్రం రాసిచ్చాడు. మొండిఘటం అని నర్సులు నవ్వుకున్నారు. అప్పటినుంచీ ప్రతి రాత్రీ ఆమె కళ్ళల్లో వత్తులు వేసుకుని ఆ యంత్రం కూతకు ముందే మేలుకుంటూ వస్తోంది.

"ఒక్క మనిషిని చూసి ఏదీ రుజువైందనకూడదు. అది మా చదువులో మొదటి పాఠం" అంది కూతురు. "జబ్బు వీడిలో కాస్త నెమ్మదిగా నడిచిందేమో కూడా. కానీ నన్నడిగితే, ఆ ముక్క నీదమ్మా."

తల్లి మంచం కోడు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. నిన్నటినుంచీ ఆమె కంట నీరు లేదు. ఇప్పుడు చప్పుడు లేకుండా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో నూనెడబ్బాతో నిలబడిన భర్త ఆమె దగ్గరికి రాబోయి, రావచ్చో లేదో తెలియక అక్కడే ఆగాడు.

"అయితే అక్కా" అన్నాడు తమ్ముడు, "నన్ను తర్వాత వేసుకో."

"తర్వాతంటే?"

"తర్వాతంటే తర్వాతే. బతికున్నన్నాళ్ళూ నేను గీతను కాను. పోయాక నువ్వేం గీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఎలా రాసివ్వాలో చెప్పు, ఇప్పుడే రాసిస్తాను. కాకపోతే, త్రికోణం పదిహేను మీద ఎందుకుందో కింద రాయాలి. అమ్మ పోరు పెట్టడం వల్ల అని."

"అలా రాయనివ్వర్రా."

"అయితే పట్టా వాళ్ళనే ఉంచుకోమను."

"నేను రాయను" అంది ఆమె. "నువ్వు పోతే తప్ప పూర్తికాని చదువు నాకొద్దు. ఇంకో జబ్బు చూసుకుంటాను."

"రాయాలి. అమ్మ ఇన్ని రాత్రులు మేలుకున్నది ఇంకెక్కడ రాసి ఉంది? ఇంకెవరి బిడ్డకో ఊపిరి ఆడకపోతే ఆ డాక్టరు ఇంకో అమ్మను బెంచీ మీద కూచోబెడతాడు."

"నీకు చెబితే అర్థం కాదా? రాయనన్నాను."

"రాస్తావు. నాతో వాదించి ఎప్పుడన్నా గెలిచావా?"

"నోర్ముయ్యరా. నీ బోడి ఉపదేశాలూ నువ్వూ. పొద్దున్నుంచీ నీకోసం ఆ ముసలాయన ముందు నిలబడి, ఆ మీట నొక్కి, చేతులు చల్లబడిపోయి ఇంటికొస్తే, చచ్చాక అది గీయి, ఇది రాయి అంటావా? మనిషివేనా నువ్వు?"

ఆ మాట బయటికొచ్చాక ఆమె ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు నవ్వుతున్నాడు. నవ్వితే అతనికి ఊపిరి చాలదు, అయినా నవ్వుతున్నాడు. ఆమె మంచం మీద కూలబడి, అతని ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అతని చెయ్యి చాలా కష్టం మీద జరిగి, వేళ్ళు ఆమె జుట్టును చేరాయి.

"ఇంకెంతకాలం?" అంది తల్లి, కింద కూర్చునే.

"ఇప్పుడెందుకే అవన్నీ" అన్నాడు తండ్రి.

"మీరు మాట్లాడకండి. మీ ముగ్గురికీ తెలిసింది నాకూ తెలియాలి. నాకు తెలియకుండా ఈ ఇంట్లో ఇంకేదీ జరగడానికి వీల్లేదు." కూతురి వైపు తిరిగింది. "ఇంత చదివావుగా. చెప్పు."

కూతురు తలెత్తింది. తమ్ముడికేసి చూసింది. అతను కనురెప్పలతోనే చెప్పమన్నాడు. ఆమె పెదవులు కదిలాయి గానీ మాట తనకే సరిగా వినపడలేదు.

"అభ్యర్థిగారు గట్టిగా చెప్పాలి" అన్నాడు తమ్ముడు. "వెనక కూచున్నవాళ్ళకు అందలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని, తిన్నగా కూర్చుంది.

"రెండేళ్ళమ్మా. బాగా జరిగితే మూడు. అంతకంటే తక్కువ కూడా కావచ్చు."

ఆ మాట ఆ ఇంట్లో పైకి వినిపించడం అదే మొదటిసారి. తండ్రి నూనెడబ్బా నేల మీద పెట్టి, వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె పక్కకు జరగలేదు. కొడుకు కాలిని రెండు చేతుల్లోకి తీసుకుని, చల్లగా ఉన్న ఆ పాదాన్ని తన గుండెకు ఆనించుకుంది.

"వినపడింది నాన్నా" అంది.